చుక్కలు తుడిచేసిన గడియారం

ఆ రోజుల్లో గడియారం చూడడం రాకపోతే అదొక లోటని ఎవరికీ తోచేది కాదు. పొద్దుంది, నీడ ఉంది, చాలదా? కానీ ధర్మవరంలో ఒక హైస్కూల్లో గంట కొట్టే పని మా నాయనది. ఆయన కాలు విరిగి మంచాన పడ్డాక, ఆ పని ఇంకొకరికి పోతుందని భయపడి, హెడ్మాస్టరును, అంటే మా పెద్దయివారిని, బతిమాలి తన చోట నన్ను నిలబెట్టాడు. నాకప్పటికి ఒక్క అంకె రాదు. నాయనకూ రాదు (ఈ సంగతి బడిలో ఎవరికీ తెలియదు). గడియారం అద్దం మీద కుంకుమ చుక్కలు పెట్టుకుని నెట్టుకొచ్చేవాడు. చూసినవాళ్ళు భక్తి అనుకునేవారు. "పెద్దముల్లు చుక్క మీదికి వస్తానే కొట్టు పాపా. ఇంతకు మించి సదువేం లేదు దీంట్లో" అని ఏ పాఠానికి ఏ చుక్కో వేళ్ళు మడిచి నేర్పించాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు బడంతా కడిగించారు. గడియారమూ అద్దంలా మెరుస్తోంది. చుక్క ఒక్కటీ లేదు! ఎవరినైనా అడిగితే నాయన గుట్టు బయటపడుతుంది. సరే, పాఠం అయిపోతే పిల్లల ముఖాల్లో తెలీదా, దాన్నిబట్టే కొడదాం అనుకున్నాను.

మొదట చరిత్ర ఐవారు (పిల్లలు పెట్టిన పేరు జోలపాట ఐవారు). ఇన్‌స్పెక్టరు వెనక కూర్చుంటే ఈయన రాజుల ఏండ్లు అప్పజెబుతున్నాడు. తలలు వాలిపోతున్నాయి, ఒకడు బల్ల మీద చీర అంచు గీస్తున్నాడు. అయిపోయిందని గంట కొట్టాను. "ఇప్పుడే కదమ్మా మొదలుపెట్టింది!" అని ఐవారు బయటికొచ్చేసరికి పిల్లలు ఆయన్ను దాటిపోయారు.

తర్వాత సైన్సు ఐవారు. హిందూపురం నుంచి పట్టుగూళ్ళు తెచ్చి, వేడినీళ్ళలో వేసి, నాలుగైదు పోగులు కలిపి లాగుతున్నాడు. అందరూ మగ్గాల ఇళ్ళ పిల్లలే. పుట్టినప్పటి నుంచీ పట్టు ముట్టుకున్నవాళ్ళు, అది మొదలయ్యే చోటు ఎన్నడూ చూడలేదు. "యాడికి వస్తాదో చూద్దాం సార్!" అంటూ దారాన్ని చేతులు మార్చుకుంటూ వసారాలోకి లాక్కొచ్చి, కొస నాకిచ్చారు. "గట్టిగా పట్టుకో అక్కా."

పెద్దయివారు పరుగున వచ్చారు. "ఏమ్మే, గంట ఏమయింది?"

"చెయ్యి ఖాళీ లేదు సార్."

దారం నడుమ పట్టుకున్న ఇన్‌స్పెక్టరు, "కదలొద్దు, తెగుతుంది!" అని అరిచాడు.

ఆయన నవ్వుకుంటూ పోయాడు గానీ పెద్దయివారు నవ్వలేదు. "రేపట్నించి వేరే మనిషిని పెడతాను" అన్నారు.

"నాకు గడియారం రాదు సార్" అన్నాను, నాయన మాట ఎత్తకుండా. "రేప్పొద్దునకు నేర్చుకొనొస్తా. రాకుంటే అప్పుడు తీసెయ్యండి."

సైన్సు ఐవారు నేల మీద గుండ్రం గీసి, రెండు పుల్లలు ముళ్ళుగా పెట్టి నేర్పించాడు. దీపాలు పెట్టే వేళకు వచ్చేసింది. అంతవరకూ అంకెలతో నాకు అక్కరే పడలేదు, ఆ సాయంత్రం పడింది. (అక్షరాలతో అక్కర నలభై దాటాక పడింది. పెనుకొండ పోవాలని, బోర్డు చదవలేక వేరే బస్సెక్కి రెండోసారీ కదిరిలో దిగాక, పలక కొనుక్కున్నాను.)

మరునాడు గూడు కోసి లోపలి పురుగును చూపిస్తానన్నాడు సైన్సు ఐవారు. పిల్లలతో పాటు నేనూ కిటికీలోంచి మెడ చాచాను. ఆయన బ్లేడు తీశాడు. నేను గడియారం చూశాను. పెద్దముల్లు సరిగ్గా చోటుకొచ్చింది. పళ్ళు బిగించి కొట్టాను.

"ఏమక్కా, అప్పుడేనా! ఇంగొంచేపు ఉండకూడదా?" అని పిల్లలంతా గొల్లుమన్నారు. పెద్దయివారు గదిలోంచి చూసి తలాడించారు. నాయన పని నిలిచింది. కానీ అప్పుడు నేను సుత్తి పట్టుకుని అనుకున్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది: గడియారం చూడడం ఇంకొక్కరోజు ఆగి నేర్చుకుని ఉంటే ఎంత బాగుండేది!