పుట్టింటి చీరకు గంజి

కొడకండ్లలో ఉండే రాజమణికి చావంటే భయం లేదు. ఆమె భయమంతా బూజంటేనే.

ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పాలన్నది వాళ్ల ఇళ్లలో ఆనవాయితీ. భూపాలపల్లి పక్కన ఉన్న ఆమె పుట్టింట్లో దీపం పెట్టే దిక్కు కూడా లేకుండా పోయింది. ఆమె బెంగ చూడలేక, మగ్గం నేసే భర్త పోశాలు తన చివరి నూలు చీరను ఆమె కోసమే నేశాడు. పుట్టింటి చీర నేనే పెడతానన్నాడు. మాటిచ్చినవాడు తానే ముందు వెళ్లిపోయాడు, చీర చెక్కసందుగలో మిగిలింది.

తర్వాతి వానలకే మడతల్లో నల్లచుక్కలు లేచాయి. రాజమణి వెంటనే కబురు పెట్టింది. వరంగల్ కాలేజీలో కెమిస్ట్రీ చదివే మనవరాలు పల్లవి వచ్చి, చీరలోని గంజంతా పోయేలా ఉతికి, జింకు ఆక్సైడును కంటికి ఆనని నలుసులుగా చేసి కలిపిన తెల్లటి నీళ్లలో నానబెట్టి ఆరేసింది. ఆ నలుసులు నూలును పట్టుకొని ఉంటే బూజు నాటుకోదట. గంజి మాత్రం పెట్టొద్దని ఒకటికి పదిసార్లు చెప్పింది. గంజి ఆ నలుసుల్ని కప్పేస్తుంది, పైగా బూజుకు అదే బువ్వ.

రాజమణి తలూపింది. తలూపడానికి ఏం పోయింది? పల్లవి బస్సెక్కగానే చీర చేతిలోకి తీసుకుంటే అది వాడిన తోటకూర కాడలా వేలాడింది. గంజి లేని బట్టా పాణం లేని మనిషి పెయ్యీ ఒకటేనని పోశాలు బతికినన్నాళ్లూ అనేవాడు. బతుకంతా నూలుకు గంజి పట్టించిన చేతులు ఊరుకుంటాయా! పొయ్యి మీద ఎసరు పెట్టింది. కొంగు దగ్గరికొచ్చేసరికి గంజి అయిపోయింది. మళ్లీ కాచే ఓపిక లేక అలాగే ఆరేసి, పెళపెళలాడుతున్న చీరను మురిపెంగా మడతపెట్టింది, పిచ్చితల్లి.

ఆషాఢంలో పట్టిన ముసురు విడవలేదు. గోడలు చెమ్మగిల్లాయి. ఇంట్లో తడిసిన గోనెసంచి వాసన మొదలైంది. రాజమణి మూలనున్న సంచులన్నీ బయట పారేయించింది. వాసన పోలేదు. సందుగ వైపు చూసేది గానీ మూత తీసేది కాదు. చివరికి ఆమె దగ్గుతో మంచాన పడ్డాక, చూడవచ్చిన పల్లవే తీసింది.

మడతలన్నీ నల్లబడ్డాయి. విప్పబోతే చీర చేతుల్లోనే పిగిలింది. పల్లవి వేళ్లకు జిగురు తగిలింది. అది గంజేనని గుర్తుపట్టి అవ్వ వైపు తిరిగింది.

"నేనే పెట్టిన బిడ్డా," అంది రాజమణి. "చీర మెత్తగ అయ్యేసరికి మీ తాత రెండోసారి సచ్చిపోయినట్టనిపించింది."

అడుగున మూరెడు కొంగు మాత్రం మిగిలింది, గంజి అందని మేర. దాని మీద ఒక్క చుక్క లేదు. పల్లవి దాన్ని కత్తిరించి అవ్వ చేతిలో పెట్టింది.

రాజమణి ఆ ముక్కను ముఖానికి అడ్డంగా పట్టి చూసుకుంది.

"మొఖం మీదికి గిది సరిపోతది," అంది. "జర పదిలంగ పెట్టు బిడ్డా. శానా దినాలు దాసే పని పడది."