అడిగినదానికి సగం

మా కొట్టు కాశీబుగ్గ బజారులో. జీడిపప్పు, బెల్లం, చింతపండు. ఎక్కాలకంటే ముందు నాకు వచ్చిన విద్య బేరం. సరుకు అమ్మడానికి వచ్చినవాడు ఎంత ధర అడిగినా సగం చెప్పాలి. అతను మొహం మాడ్చుకుని కొట్టు మెట్లు దిగుతాడు. రెండో మెట్టు దిగాకే వెనక్కి పిలవాలి. ముందే పిలిస్తే మన అవసరం బయటపడిపోతుంది. ఈ విద్యలో నన్ను మించినవాళ్లు బజారులో లేరని ఇరవై రెండేళ్లు వచ్చేదాకా గర్వపడ్డాను.

విశాఖలో లా ఆఖరి సంవత్సరం చదువుతుండగా కాలేజీ బోర్డు మీద ఒక నోటీసు అంటించారు. హైదరాబాదులో హైకోర్టు జడ్జీలకు లా క్లర్కులు కావాలట. జడ్జిగారి దగ్గర ఏడాది పాటు ఉండి, కేసు కట్టలు ముందుగా చదివి సారం రాసిపెట్టడం పని. దరఖాస్తుతో పాటు ఏదైనా తీర్పు మీద సొంతంగా రాసిన నోటు, ఒక వకీలుగారి ఉత్తరం జతచేయాలి.

నాన్నకు చెబితే తక్కెడ దించకుండానే అన్నాడు. "అయిదేళ్లు సదివి గుమస్తాగిరీకేటే? గుమస్తాని మనమే ఎట్టుకున్నాం కదా."

"జడ్జీగారి గుమస్తా నాన్నా."

"ఎవుల గుమస్తా అయినా గుమస్తాయే. వచ్చి కొట్లో కూకో. నీ నోటికి కొట్టే సరి."

బేరం పెట్టాను. ఈ పని వస్తే ఆ ఏడాదీ అయ్యాక హైదరాబాదులోనే ప్రాక్టీసు పెడతాను, ఆయన అడ్డు చెప్పకూడదు. రాకపోతే నోరు మూసుకుని కొట్లో కూర్చుంటాను. నాన్న అంత తొందరగా ఏ బేరానికీ ఒప్పుకోవడం నేను చూడలేదు. భయం అప్పుడే మొదలైంది. అంత సులువుగా ఒప్పుకున్నాడంటే సరుకులో లోపం కనిపెట్టే ఉంటాడు. సరుకు నేనే.

ఉత్తరం కోసం టెక్కలి వెళ్లాను. అక్కడి కోర్టులో ఒక పెద్ద వకీలుగారి దగ్గర వేసవి సెలవుల్లో కాగితాలు చూసేదాన్ని. ఆయన సంతకం పెడుతూ, "తెలివైంది, కష్టపడతాది అని రాసినానమ్మా. ఒక్కటే రాయనేదు" అన్నారు.

"ఏటండి అది?"

"అవతలోడి మాట అవ్వకుండానే బేరానికి దిగిపోతావు. ఆయన జడ్జీ. నీ బజారు బుద్ది అక్కడ తీసినావంటే సచ్చినావే."

నవ్వాను. ఆ నవ్వు బస్సెక్కేదాకా ఉంది.

నెల తర్వాత ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఇంటి నుంచే హైదరాబాదు బయల్దేరాను. రైల్లో నా నోటునే చదువుకుంటూ కూర్చున్నాను. కొబ్బరితోట కౌలు తగాదా మీద వచ్చిన ఒక పాత తీర్పు గురించి రాసింది. పూండి దాటేసరికి మూడో పేజీలో ఒక తప్పు కనబడింది. నౌపడ దాటాక అది తప్పు కాదనిపించింది. విజయనగరం వచ్చేసరికి నోటంతా తప్పే అనిపించింది.

జడ్జిగారి గది బయట వరండాలో ఆరుగురం కూర్చున్నాం. మిగిలిన ఐదుగురూ ఇంగ్లీషులో మెల్లగా నవ్వుకుంటున్నారు. మా బజారులో అంత మెల్లగా నవ్వితే ఎవరికీ వినబడదు. నా అరచేతుల చెమటకు ఫైలు అట్ట నీలం రంగు వదిలింది. చున్నీకి తుడుచుకుంటే చున్నీ కూడా నీలమైంది. దాన్ని మడతపెట్టి దాచుకుంటుండగానే నా పేరు పిలిచారు.

జడ్జిగారు పెద్దాయన. నా నోటు ఆయన ముందే ఉంది, అంచుల నిండా పెన్సిలు గీతలు. కౌలుదారు ఎందుకు ఓడిపోయాడో ఇంగ్లీషులో చెప్పమన్నారు. చెప్పాను. ఆయన తల ఊపి తెలుగులోకి వచ్చారు.

"ఏడాది పూర్తిగా ఉండగలవా అమ్మా?"

"ఆరు నెలలు సార్" అంది నా నోరు.

నేను అనలేదు, నా నోరే అంది. ఇప్పుడు ఆయన "అదేమిటి, కనీసం పది నెలలైనా" అనాలి. నేను కాసేపు ఆలోచించినట్టు నటించి, ఏడాదికి ఒప్పుకుని ఆయన్ని సంతోషపెట్టాలి. అదీ పద్ధతి. ఆయన మాత్రం "సరే" అని నోటు మీద ఏదో రాసుకుని, కలానికి మూత పెట్టేశారు. "ఇక వెళ్లవచ్చు."

లేచాను. తలుపు దాకా పది అడుగులుంటాయి. ఒక్కో అడుగూ మా కొట్టు మెట్టే. రెండు దాటాయి, నాలుగు దాటాయి, వెనక నుంచి పిలుపు రాలేదు. ఇన్నేళ్లలో నేను మెట్లు దింపినవాళ్ల వీపులకు ఎలా ఉండేదో అప్పుడు తెలిసింది. తలుపు పిడి చల్లగా తగిలింది. అది తెరిస్తే అవతల కాశీబుగ్గ బజారు, తక్కెడ పక్కన నాకోసం వేసిన పీట.

వెనక్కి తిరిగాను. "సార్, ఏడాది. ఏడాదీ ఉంటాను."

"ఇప్పుడేగా ఆరు నెలలన్నావు?"

"మాది కొట్టు సార్. ఎవరేమడిగినా సగం చెప్పేస్తాం. అలవాటులో వచ్చేసింది. మొదటినుంచీ నాకు కావలసింది ఏడాదే."

ఆయన నవ్వలేదు. నా నోటు పైకెత్తారు. "మరి ఇందులో కూడా సగమే రాశావా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర బేరం లేదు. "లేదు సార్. తెలిసినదంతా రాశాను. మూడో పేజీలో ఒక తప్పుందని రైల్లో అనుమానం వచ్చింది."

"అనుమానం కాదు, ఉంది" అన్నారు. "వెళ్లిరా అమ్మా."

జవాబు రాకముందే పరీక్షలు కూడా అయిపోయాయి, ఇంటికొచ్చి కొట్లోనే కూర్చుంటున్నాను. పోస్టుమాను సైకిలు బెల్లు మోగినప్పుడల్లా చేతిలో కొలిచే గిద్దె జారిపోయేది. ఎవరేమడిగితే అంతకే ఇచ్చేసేదాన్ని.

"ఓలే, ఏటయ్యిందే నీకు? కొట్టు ముంచీసీలాగున్నావు" అన్నాడు నాన్న.

చివరికి రిజిస్టరు ఉత్తరం వచ్చింది. నేను చించలేకపోతే నాన్నే చించి నా చేతికిచ్చాడు. ముందు ఆరు నెలలకు తీసుకుంటున్నారట. పని చూశాక మిగతా ఆరు నెలల సంగతి.

చదివి చెప్పాను. నాన్న కళ్లు చికిలించాడు. "ఏడాదన్నావు. ఇది ఆర్నెల్లే కదేటే?"

మా ఒప్పందం ప్రకారం ఆయన మాటే నిజం. ఈసారి నేను బేరానికి దిగలేదు. నాన్న ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఆ జడ్జీగోరు ఎవులోగాని, కొట్టు నడిపీగలడు. సరుకు సూసి మిగతాది అన్నాడు. సరే, నానూ అంతే. ఆర్నెల్లు సూత్తాను."

అలా ఇద్దరి దగ్గరా మచ్చుకు పెట్టిన సరుకునై హైదరాబాదు రైలెక్కాను. పూండి దాటకముందే నా నోటు తీసి మూడో పేజీ మళ్లీ చదవడం మొదలుపెట్టాను.