లాంపు రూంలో ఇటలీ పైపు

మా బావ నోట్లో ఇటలీ పైపును మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. అక్క చేపల పులుసు వండింది. నేను కంచం ముందు కూర్చుని, ఆయన దవడ పక్కన వేలాడుతున్న ఆ వస్తువునే చూస్తున్నాను.

"ఏంది బామ్మర్ది, పులుసు సల్లగైతాంది" అన్నాడు బావ.

"ఒక్కసారి ఇటియ్యి, చూస్త."

"తిన్నంక చూద్దువు. యాడికి పోతది?"

తిన్న తర్వాత చూశాను. చూడకపోతే బాగుండేది.

అప్పటికి నేను పైపుల పిచ్చిలో పడి చాలా ఏళ్ళయింది. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు, చర్చా సభల్లో మాకు వాదన నేర్పిన పెద్దాయన ఒకరు పైపు తాగేవారు. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ పొగాకు నింపుకునేవారు, వెలిగించగానే వాడి వాదనను చీల్చేవారు. ఆయన దగ్గర హేతువాదమూ నేర్చుకున్నాను, పైపూ నేర్చుకున్నాను. గోదావరిఖనిలో ఉద్యోగం దొరికాక కూడా సెలవు దొరికితే రైలెక్కి, ఆబిడ్స్‌లోని ఒక పొగాకు దుకాణానికి పోయేవాణ్ణి. అక్కడ అద్దాల బీరువాలో ఇటలీలో చేత్తో చెక్కిన పైపులు రెండు ఉండేవి. కొనే స్తోమత నాకు లేదని దుకాణం ముసలాయనకు తెలుసు. అయినా బీరువా తెరిచి చూపించేవాడు.

ఆ పైపులు చెక్కే బ్రయర్ అంటే ఏమిటో ఆయనే చెప్పాడు. మధ్యధరా సముద్రపు ఒడ్డున కొండల మీద పెరిగే ఒక పొద అది. దాని వేరు దగ్గర, మట్టిలో, గడ్డ ఊరుతుంది. దాన్ని తవ్వి గంటల తరబడి ఉడకబెట్టి, ఏళ్ళ తరబడి నీడలో ఆరబెడతారు. నిప్పు పెట్టినా తొందరగా కాలని కట్టె. యంత్రం మీద చేసిన పైపులన్నీ ఒకే అచ్చులో ఉంటాయి, కట్టెలోని గుంటలను లప్పంతో పూడ్చి రంగు పూస్తారు. చేత్తో చెక్కేవాడు అలా కాదు. గడ్డను తిప్పి తిప్పి చూసి, లోపలి గీత ఎటు పోతున్నదో కనిపెట్టి, ఆకారాన్ని దాని వెంట నడిపిస్తాడు. గీతలన్నీ అడుగు నుంచి అంచు దాకా మంటలాగా నిలువుగా లేస్తే అది గొప్ప పైపు. అలాంటిది వెయ్యి గడ్డల్లో ఒకటి దొరికితే దొరికినట్టు.

నా దగ్గర ఉన్నవి మూడు. ఒకటి ఫుట్‌పాత్ మీద దొరికింది, దాని చెంపకు లప్పం. ఇంకొకటి ఎవరో తాగి తాగి అంచు మాడ్చింది. మూడోది ఇక్కడి వడ్రంగితో చండ్ర కట్టెలో చెక్కించుకున్నది, అది పక్కన బొక్క పడి నా చొక్కానే కాల్చింది.

బావ పైపుకు గీతలు అడుగు నుంచి అంచు దాకా, చుట్టూ, ఒక్కటి కూడా వంకర పోకుండా లేచి ఉన్నాయి. అడుగున ఆ గీతల కొసలు చుక్కల్లా. అంచున ఒక పక్క గడ్డ బెరడును అలాగే గరుకుగా ఉంచేశాడు చేసినవాడు. లప్పం కోసం దీపం దగ్గర పెట్టి వెతికాను. ఎక్కడో ఒక చోట ఉండాలని కోరుకుంటూ వెతికాను. లేదు.

దాని కోసం బావ చేసిందేమీ లేదు. అప్పుడు రామగుండంలో ఎరువుల ఫ్యాక్టరీ కడుతున్నారు. దానికి ఇటలీ ఇంజనీర్లు వచ్చారు. వాళ్ళలో ఒకాయన బొగ్గు బాయి చూస్తానంటే, మా బాయిలో కార్మికుల జట్లను నడిపే ఓవర్‌మన్‌గా ఉన్న బావ లోపలికి తీసుకుపోయి తిప్పి చూపించాడు. మధ్యాహ్నం ఇంటికి పిలిచాడు. అక్క నాటుకోడి కూర పెట్టింది. ఆయన కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ అడిగి వేయించుకుని తిని, పోతూ పోతూ తన పైపు బావ చేతిలో పెట్టాడట. ఆ రోజు నేను ఊళ్ళో లేను. ఆబిడ్స్‌లో అద్దాల బీరువా ముందు నిలబడి ఉన్నాను.

అసూయ చెడ్డగుణమని బోధించేవారితో నాకు ఎప్పుడూ పేచీయే. వాళ్ళు అసూయను సరిగ్గా పరిశీలించలేదు. వస్తువు ఉన్నవాడు దాన్ని చూడనవసరం లేదు, జేబులో పెట్టుకుంటే చాలు. లేనివాడే చూస్తాడు. ఆ పైపుకు ఎన్ని గీతలున్నాయో, ఏ గీత ఎక్కడ సన్నబడిందో నాకు తెలుసు. దాని రంగు తేనె నుంచి చింతపిక్క వైపు ఎట్లా మారుతూ వచ్చిందో తెలుసు. బావకు అది పొగ వచ్చే గొట్టం. చుట్ట పొగాకును అరచేతిలో నలిపి కుక్కేవాడు. వేడి మీద ఉండగానే గొట్టం మెలిపెట్టి ఊడదీసేవాడు. బూడిద దులపడానికి బూటు మడమకు ఠక్కున కొట్టేవాడు. ఆ చప్పుడుకు నా పళ్ళు జిల్లుమనేవి.

"ఎందుకట్ల కొడుతవ్ బావా, పలుగుతది."

"పలిగితె నాది పలుగుతది. నీదేం పోయింది?"

అక్క పొయ్యి దగ్గర నుంచి నవ్వేది. "నువ్వు ఆ పైపును చూసినట్టు మీ బావ నన్ను ఒక్కనాడన్న చూడలేదురా తమ్మీ."

కానీ ఆ పైపు రోజూ ఒక షిఫ్టు నా దగ్గర ఉండేది. నేను లాంపు రూంలో పనిచేసేవాణ్ణి. బాయి దిగేవాళ్ళు కిటికీలో తమ నంబరు బిళ్ళ ఇచ్చి తలదీపం తీసుకుంటారు, ఎక్కి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటారు. లోపల గ్యాసు ఉంటుంది కాబట్టి నిప్పు పుట్టించే వస్తువేదీ దిగకూడదు. బీడీలు, అగ్గిపెట్టెలు మీదే వదలాలి. గేటు దగ్గర జేబులు తడిమి చూస్తారు. బావ కిటికీలోంచి పైపు చాపి, "పైలం బామ్మర్ది" అని దీపం తగిలించుకుని దిగేవాడు.

షిఫ్టు దిగిపోయి లాంపు రూం నిమ్మళించాక నేను దాన్ని విప్పేవాణ్ణి. కోడి ఈకను కొంచెం రమ్ములో ముంచి గొట్టంలో దూర్చి లాగితే నల్లటి జిగురు వచ్చేది. లోపల పేరుకున్న మసిని బిళ్ళమందం ఉంచి మిగతాది గీకేవాణ్ణి. మెత్తటి గుడ్డతో గీతల వెంట తుడిచి అరలో పెట్టేవాణ్ణి. నోట్లో మాత్రం ఎన్నడూ పెట్టుకోలేదు. పరాయి పైపు నోట్లో పెట్టుకోకూడదని ఆ పెద్దాయన నేర్పిన మర్యాద. బావకు ఈ సంగతి చెప్పలేదు, ఆయన అడగలేదు. సాయంత్రం నలుగురిలో కూర్చుని, "ఇటలీ మాల్ గిట్లనే ఉంటది, తాగినకొద్ది తియ్యగైతది" అంటుంటే వినేవాణ్ణి.

ఇక్కడితో ఆగితే భరించేవాణ్ణేమో. ఒకసారి బొగ్గు నింపే కార్మికుడొకడు దీపం తీసుకుంటూ పొరపాటున ఆ పైపును తాకాడు. ఆ రోజే బాయి లోపల వాడు పక్కకు జరిగిన మరుక్షణం, అప్పటిదాకా వాడు నిలబడ్డ చోట మీది బండ కూలింది. వాడికి గీత కూడా పడలేదు. మర్నాడు వాడు కిటికీలో చెయ్యి పెట్టి పైపును తాకి కళ్ళకు అద్దుకున్నాడు. తర్వాత వాడి జట్టు మొత్తం. నెల తిరిగేసరికి నా కిటికీ ముందు వరస. బాయి మీద మైసమ్మకు మొక్కి, ఆ తర్వాత ఇటలీ పైపుకు మొక్కి దిగేవారు. మైసమ్మకు మేకలు కొయ్యొద్దని రీడింగ్ రూంలో ప్రతి ఆదివారం గొంతు చించుకునే నేను ఈ కొత్త దేవుడికి పూజారినయ్యాను.

ఊరుకోలేదు. కిటికీలోంచే వాదించాను. "మీ ఓవర్‌మన్ కట్టెతోని మీది బండను కొట్టి, గట్టిదో గుల్లదో సప్పుడు ఇనంది మిమ్ములను అడుగు పెట్టనియ్యడు. అందుకే బతుకుతాండ్రు. పైపు ఏం జేసింది?"

"నువ్వన్నది నిజమే అన్నా" అన్నాడు ఆ కార్మికుడు. "ఆయనకు గా సప్పుడు ఇనిపిచ్చేది పైపే గదా."

నా కష్టం ఏమిటంటే, పైపుకు మహిమ లేదని రుజువు చేయాలంటే బావను పొగడాలి. ఆయన చెవి గొప్పది, ఆయన జాగ్రత్త గొప్పది అనాలి. అది నిజం కూడా. ఆ నిజం చెప్పిన ప్రతిసారీ నా నోరు చేదయ్యేది.

తర్వాత బావకు పైన, సేఫ్టీ ఆఫీసులో పని ఇచ్చారు. అక్క సంతోషపడింది. నేనూ సంతోషపడాలి. కానీ పైన పనిచేసే మనిషికి పైపు నా దగ్గర వదిలే అవసరం లేదు. అర ఖాళీ అయింది. కొన్నాళ్ళు ఓర్చుకుని, ఇక ఆగలేక, హోటల్‌లో చాయ్ తాగుతుండగా అడిగేశాను.

"బావా, ఆ పైపు నాకియ్యి."

చుట్టూ ఉన్న షిఫ్టువాళ్ళు కప్పులు దించి చూశారు. బావ పొగ వదిలి నెమ్మదిగా అన్నాడు. "ఇస్త. ఇయ్యనని ఎన్నడన్న అన్ననా? అయితే అందరు ఇనంగ ఒక్క మాట అను. దీంట్ల ఏదో ఉన్నదని అను."

"దీంట్ల ఏం లేదు. కట్టె."

"ఉత్త కట్టెకు ఇంత ఏడ్సుడెందుకు బామ్మర్ది?"

హోటల్ అంతా నవ్వింది. అందం వేరు, మహిమ వేరు అని నేను ఉపన్యాసం మొదలుపెట్టేలోగా చాయ్ చల్లారింది, వినేవాళ్ళు డ్యూటీకి పోయారు. ఒక్క అబద్ధం ఆడితే పైపు నాదయ్యేది. ఆడలేదు. ఆ రాత్రంతా, ఆడితే ఏం పోయేదని నాతో నేనే వాదించుకున్నాను.

వానాకాలం పోయాక ఒక సాయంత్రం బావే మా క్వార్టర్‌కు వచ్చాడు. పైపు నా చేతిలో పెట్టాడు. అంచు మాడింది. బెరడులో బూడిద ఇరుక్కుంది. గీతలు మసిలో మునిగిపోయాయి. వాసన చూస్తే కుళ్ళిన చెప్పు వాసన.

"కాకర రసం లెక్కైంది. పీలిస్తె గురగుర అంటాంది" అన్నాడు. "లాంపు రూం ఇడిసినంక దీని మహిమ పోయిందిరా. బాయి మీద అందరు గదే అంటున్నరు. నువ్వు అడిగినవ్ గద, తీస్కో."

పైపు నా గుప్పిట్లో ఉంది. ఒక్క మాట కూడా అబద్ధం ఆడే పని లేదు. ఊరుకుంటే చాలు. మహిమ పోయిందని ఆయన నమ్ముతాడు, ఊరు నమ్ముతుంది, పైపు నాది. బావ అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాడు.

"కూసో బావా" అన్నాను.

ఈక తెచ్చాను, రమ్ము తెచ్చాను. ఆయన చూస్తుండగా గొట్టం విప్పి ఈక దూర్చి లాగాను. వానపాము అంత నల్లటి జిగురు వచ్చింది. మళ్ళీ లాగాను, మళ్ళీ వచ్చింది. "లాంపు రూంల నువ్వు దిగినంక రోజూ ఇదే పని జేసిన. మహిమ గిదే" అన్నాను.

బావ ఈక అందుకుని ఆ జిగురును వేలితో రుద్ది వాసన చూశాడు. "రోజూ చేసినవా?"

"రోజూ."

"మరి ఎన్నడు చెప్పకపోతివి?"

"ఎన్నడు అడగకపోతివి."

పైపు తుడిచేసరికి గీతలు మళ్ళీ లేచాయి. ఆయన దాన్ని తీసుకుని దీపం దగ్గర పెట్టి తిప్పాడు. ఇన్నేళ్ళలో ఆయన దాన్ని అట్లా చూడటం అదే మొదటిసారి. "అరె" అన్నాడు, "ఇవన్నీ నిలువుగనే ఉన్నయి." తర్వాత దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు. నేను పిలవలేదు.

నిజం చెప్పినందుకు హృదయం తేలికపడుతుందని రాసేవాళ్ళున్నారు. నాకు పడలేదు.

ఆ తర్వాతి వారం చాయ్ హోటల్‌లో బావ తన పాత జట్టువాళ్ళందరినీ కూర్చోబెట్టి, పైపు విప్పి, జిగురు చూపించి చెప్పాడు. "మహిమ లేదు గిహిమ లేదు. కడిగితె తియ్యగుంటది, కడగకుంటె చేదుంటది. బాయిల బండ కూడ గంతే. కొట్టి చూసినోడు బతుకుతడు. పైపుకు మొక్కుడు బందు పెట్టి కట్టె పట్టుండ్రి."

ఎవరూ ఎదురు చెప్పలేదు. అవునంటే అవునన్నారు. పైపును తాకి బతికినవాడే లేచి, "మా ఓవర్‌మన్ చెప్పిండంటె ఖరారు" అన్నాడు. ఏళ్ళ తరబడి కిటికీలోంచి నేను అరిచింది ఇదే మాట. రీడింగ్ రూంలో నేను రాసి చదివిన వ్యాసాలన్నీ ఇదే మాట. నావైపు ఒక్కడు కూడా తిరిగి చూడలేదు.

హేతువాదం గెలిచింది. నేను సంతోషించవలసిన రోజు అది. మూల బల్ల మీద కూర్చుని, బావ నోట్లో పైపునూ, ఆ నోట్లో నా మాటనూ చూస్తూ ఉండిపోయాను. రెండింటిలో ఏది నన్ను ఎక్కువ కాల్చిందో నేను ఈనాటికీ తేల్చుకోలేదు.