ఎండ తగ్గాక చూద్దామనుకున్న ప్రాగ్

నాకు విటమిన్ డి తక్కువైందట. "రోజూ అరగంట ఎండలో కూర్చోండి సార్" అని డాక్టరమ్మ చెబుతుంటే పక్కనున్న మా ఆవిడ పగలబడి నవ్వింది. "ఎనిమిదేండ్లు ఖతర్ల ఉన్న మనిషికా?" అంది. నవ్వదూ మరి!

అక్కడ దుఖాన్ అనే ఊళ్ళో సైట్ సూపర్‌వైజర్‌ని నేను. చమురు డబ్బుతో దేశమంతా క్రేన్లు లేచిన రోజులవి. అక్కడ ఎండను చూసి దాక్కోవడం కూడా ఉద్యోగంలో భాగమే. తెల్లారకముందే డ్యూటీ. మిట్టమధ్యాహ్నం ఇంత తిని, కర్టెన్లు బిగించి, ఏసీ కింద పడక. దుకాణాలు కూడా మళ్ళీ నాలుగింటికి గాని తెరవరు. క్షవరం దగ్గర్నుంచి ఏ పనైనా 'ఎండ తగ్గాకే'.

మా రూమ్ గోడకు ఓ క్యాలెండర్ ఉండేది, అందులో మంచు కప్పిన ప్రాగ్ నగరం, కొండ మీద ఓ కోట. సంవత్సరాలు మారినా ఆ బొమ్మ తీయనివ్వలేదు నేను. చివరికి ఓ డిసెంబర్లో సెలవుకి ఇంటికి వస్తూ, దారి కాకపోయినా రెండు రోజులు అక్కడ దిగుతానని మొండికేశాను. మా ఆవిడ ఫోన్లో, "పోతె పో. గని ఆ కోట మీదికెక్కి ఊరంత సూసి రా. వచ్చి నాకు చెప్పాలె. సూడకుంట వస్తె మాత్రం ఊకోను" అంది. అవి ఆమెకు దక్కాల్సిన రెండు రోజులు. వృథా చేస్తే ఏ ముఖం పెట్టుకుని ఇంటికి పోను?

పొద్దున్నే దిగాను. హోటల్ కిటికీలోంచి కొండ మీద కోట కనిపిస్తూనే ఉంది. పన్నెండయింది. నేనేం చేశానంటారు? బ్రెడ్డు తిని, కర్టెన్లు వేసుకుని, హాయిగా పడుకున్నాను! ఎండ తగ్గాక వెళ్దామని! బయట చూస్తే గడ్డకట్టే చలి. నాలుగున్నరకు ఆయాసపడుతూ కోట చేరేసరికి చీకటి పడింది, తలుపులు మూసేశారు. కాపలాదారు తన వాచీ చూపించి తల అడ్డంగా ఊపాడు. నా మీద నాకే ఒళ్ళు మండింది. దుఖాన్‌కి ఫోన్ చేసి చెబితే, జగిత్యాల నుంచి వచ్చిన మా రూమ్మేట్ అన్న పడీ పడీ నవ్వాడు. "దిమాఖ్ మాఫీ నీకు, తెలివే లేదు! గాడ ఎండే లేదు, దేనికి దాసుకున్నవ్‌రా?"

మర్నాడు సాయంత్రమే విమానం. తెల్లారకముందే గేటు ముందు నిలబడ్డాను. రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్, కాళ్ళకు సైట్ బూట్లు. తలుపులు తీసేసరికి కాళ్ళున్నాయో ఊడిపోయాయో తెలియలేదు. అయినా కదల్లేదు. లోపల పెద్ద చర్చి గోపురానికి రెండు వందల పైచిలుకు మెట్లు. ఆగి ఆగి ఎక్కాను. తీరా పైకెళితే పొగమంచు, ఏమీ కనబడదు. నాతో ఎక్కినవాళ్ళందరూ చలికి వణుకుతూ దిగిపోయారు. నేను ఊచలు పట్టుకుని అక్కడే ఉండిపోయాను. చూడకుండా దిగే ప్రసక్తే లేదు.

మిట్టమధ్యాహ్నానికి మంచు విచ్చింది. ఎర్రటి ఇంటికప్పులు, నది, దాని మీద వరసగా వంతెనలు. ముఖానికి ఎండ తగిలింది. పక్కన మా ఆవిడ లేదే అని ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

దుఖాన్‌లో ఎనిమిదేళ్ళూ 'ఈ రోజు ఎప్పుడు గడుస్తుందిరా దేవుడా' అని వాచీ చూసుకున్నవాణ్ణి. కోరుకున్నట్టే అన్నీ గడిచిపోయాయి. ఇంకో గంట ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది ఆ గోపురం మీదే. అప్పటికి విమానానికి బయల్దేరే టైమైపోయింది.