ఎకో సౌండర్‌కి పెట్టిన బొట్టు

“మమ్మీ, ఐ కెన్ సీ రాక్స్!” అని మా బుడ్డోడు బోటు అంచు మీంచి వేలు చూపించాడు చూడండి, సరిగ్గా ఆ క్షణాన నేను నా ముందున్న లోతు చూపే తెర వంక చూశా. దాని మీద రెండు అని ఉంది. రెండు మీటర్లంటే మా ఆయన నిలువునా మునిగే లోతు. మట్టిరంగు నీళ్ళలో అంత అడుగున ఉన్న రాళ్ళు నాలుగేళ్ళ పిల్లాడికి ఎలా కనిపిస్తున్నాయి?

అప్పట్లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఏ బస్సెక్కినా సగం సీట్లలో మన స్టూడెంట్లే. ఆ కుర్రకారు మధ్య ఇద్దరు పిల్లల తల్లిని నేనూ ఒక స్టూడెంటునే! క్లాసులు లేని రోజుల్లో లేక్ దగ్గర బోట్లు అద్దెకిచ్చే షాపులో పార్ట్‌టైమ్ చేసేదాన్ని. ఓనర్‌ని అందరం కెప్టెన్ అనేవాళ్ళం. ఆయన తన బోటుకి కొత్త ఎకో సౌండర్ బిగించుకున్నాడు (నీటి అడుక్కి శబ్దం పంపి, అది తిరిగొచ్చే సమయాన్నిబట్టి లోతు చెప్పే డబ్బా). సెట్టింగులంటే ఆయనకి విసుగు, మాన్యువల్ నా చేతిలో పెట్టాడు. నేను పరీక్షకి చదివినట్టు బస్సులో కూర్చుని బట్టీ పట్టేశా. గెయిన్ పెంచితే నీళ్ళలోంచి వచ్చే చిన్న సంకేతం కూడా తెర మీద పెద్దగా కనిపిస్తుందనీ, లోతు తగ్గితే ఒక అలారం, చేప కనిపిస్తే ఇంకో అలారం మోగుతాయనీ గడగడా అప్పజెప్పా. డబ్బాని మాత్రం ఒక్కసారీ ముట్టుకోలేదు. కెప్టెన్ మురిసిపోయి, “ఆదివారం పిల్లల్ని తీసుకురా, లోతులు నువ్వే చెప్పాలి” అన్నాడు.

కొత్త వస్తువు కదా, పసుపు కుంకుమ పట్టుకెళ్ళా. కెప్టెన్ నవ్వి సరేనన్నాడు. తెర మూలన నిండుగా బొట్టు పెట్టా. ఆయన కళ్ళజోడు షాపులోనే మర్చిపోయి వచ్చాడు (“నువ్వున్నావుగా!”). బోటు కదిలింది. నేను గెయిన్ మొత్తం పెంచేసరికి తెర నిండా చుక్కలే చుక్కలు. “చేపలండీ, అన్నీ చేపలే!” అని అరిచా. “మేడమ్ ఉంటే ఇవాళ పులుసు ఖాయం,” అన్నాడు మాతో వచ్చిన మా ఆయన. ఆరు మీటర్లు, నాలుగు మీటర్లు అని నేను రేడియోలో వార్తలు చదివినట్టు చదువుతున్నా. అంతలో డబ్బా కీచుమంది. కెప్టెన్ అదేంటన్నాడు. “చేపలు, కెప్టెన్!” అని అలారం ఆపేశా. మా అమ్మాయి తెర దగ్గరికొచ్చి, “మమ్మీ, దేర్ ఈజ్ సమ్‌థింగ్ అండర్ ద బొట్టు,” అంది. “ముట్టుకోకు! పెట్టిన బొట్టు చెరపకూడదు,” అని కసిరా.

బుడ్డోడు రాళ్ళన్నది ఆ తరవాతే. నేను “రెండు మీటర్లే, ఆపండి!” అని అరిచేలోపే కింద కర్రున గీసుకుని బోటు ఆగిపోయింది. లైఫ్ జాకెట్లు వేసి ఉన్న పిల్లలిద్దర్నీ చెరో చంకలో ఇరికించుకున్నా. ఎటు చూసినా నీళ్ళే, మునిగిపోతే నా బిడ్డలు ఏమైపోతారు? కెప్టెన్ మాత్రం ఇంజన్ ఆపి, “రెండు మీటర్లేగా” అని నేను వద్దంటున్నా వినకుండా దూకేశాడు. దూకి, నిలబడ్డాడు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి!

ఆయన చేయి చాచి బొట్టుని బొటనవేలితో తుడిచాడు. దాని కింద బుద్ధిగా రెండు అక్షరాలు: ఎఫ్, టి. అడుగులు! “నువ్వే మీటర్లలోకి మార్చావనుకున్నా. మాన్యువల్ చదివిన మనిషివి కదా,” అన్నాడు. మా ఆయన నవ్వు ఆపుకోలేక, ప్యాంటు మడిచి దిగి బోటుని నెట్టాడు. ఒడ్డుకి చేరేదాకా నేను పిల్లల చేతులు వదల్లేదు.

అంతకు ముందు మా పిల్లలు ఏమడిగినా నా దగ్గర ఠక్కున జవాబుండేది. తెలియకపోయినా ఉండేది. ఇప్పుడు తల్చుకుంటే అప్పటి నన్ను చూసి నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. బోటెక్కిన మర్నాడు పొద్దున స్కూలుకి వెళ్తుంటే దారిలో వాన నీటి గుంట అడ్డం వచ్చింది. బుడ్డోడు ఆగి, “మమ్మీ, హౌ డీప్ ఈజ్ ఇట్?” అన్నాడు. వాడి అక్కయ్య కూడా నా మొహంలోకే చూస్తోంది.

“నాకు తెలీదు నాన్నా. పుల్ల తీసుకురా, ముగ్గురం కలిసి చూద్దాం,” అన్నాను.