టోపీ మాట, తలకాయ మాట

నా పేరు సువార్తమ్మ. డెబ్బై ఒక్క ఏళ్ళు. నిడదవోలు పక్క ఊళ్ళో నేనూ, కోడలూ, మనవరాలు జ్యోతీ ఉంటాం. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే జ్యోతి నెట్‌లో పెడుతోంది. ఒక్క ముక్క మార్చొద్దన్నాను.

నిన్న పొద్దున్న జ్యోతి సెల్‌కి ఫోనొచ్చింది. మా పిన్ని కొడుకు రత్నం రాజమండ్రిలో పోయాడంట. హార్ట్ ఎటాక్.

తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాను.

రెండేళ్ళుగా వాడితో మాటల్లేవు. మానేసింది నేనే.

రత్నం ఆదివారం పేపర్లో మిషన్ల మీద కాలమ్ రాసేవాడు. కంప్యూటరన్నా, సెల్లన్నా, వరికోత మిషనన్నా కంపెనీ ఏం చెబితే అదే. మిషనొస్తే అందరూ బాగుపడిపోతారని.

జ్యోతి చదువుతుంటే నాకు ఒళ్ళు మండేది. ఆడవాళ్ళ కోత ముఠాకి నేను మేస్త్రిని. మిషన్ దిగాక మమ్మల్ని పిలిచినవాడు లేడు. ఆ సంగతి వాడి కాలమ్‌లో ఒక్క వారమూ రాలేదు.

రెండేళ్ళ కిందట చర్చిలో కోత పండక్కి అందరం వరి పనలు పట్టుకెళ్ళాం. వీడు మిషన్ కంపెనీ టోపీ పెట్టుకొచ్చాడు.

"ఎవరిచ్చార్రా అది?"

"డెమోకి పిలిచి ఇచ్చారక్కా. ఎండగా ఉందనీ."

"ఎండ నీకా? టోపీ తీసుకుని తలకాయ వాళ్ళకిచ్చేశావా?"

చర్చంతా నవ్వింది. వాడూ నవ్వాడు. కానీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

నెల తర్వాత నోట్‌బుక్కుతో మా గుమ్మంలోకొచ్చాడు. "ముఠా సంగతి చెప్పక్కా, రాస్తాను."

"కంపెనీవాళ్ళనడుగు" అని తలుపేశాను.

తర్వాత ఓ పేపరు తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్ళాడు. వాడి రాతలు ఈ ఇంట్లో చదవొద్దని జ్యోతికి చెప్పి, దాన్ని ఆవకాయ జాడీ కింద పరిచాను.

ఆ తర్వాత కాలమ్ ఆగిపోయింది. కంపెనీకి కూడా పనికిరాకుండా పోయాడని ఊరంతా చెప్పాను.

నిన్న జ్యోతి జాడీ జరిపి ఆ పేపరు తీసింది. అంతా నూనె మరకలు. చదివింది.

"ఇన్నాళ్ళూ కంపెనీ కాగితం చూసి రాశాను. మిషన్ వచ్చాక పొలంలోంచి ఎవరు వెళ్ళిపోయారో అడగలేదు. అడగాలని చెప్పింది మా అక్క సువార్తమ్మ గారు."

కింద మా ముఠా ఆడవాళ్ళందరి పేర్లూ ఉన్నాయి.

నేను తలుపేస్తే మా ముఠాలో కోటమ్మ ఇంటికెళ్ళి రాసుకున్నాడంట. ఇన్నాళ్ళూ చెప్పలేదేమే అంటే, "వాడి పేరెత్తనిచ్చావా?" అంది.

యాడ్స్ ఆపేస్తామని కంపెనీ అంటే పేపరువాళ్ళు కాలమ్ తీసేశారంట. రత్నం పెళ్ళాం, మా మరదలు ఫోన్లో ఏడుస్తూ చెప్పింది.

పొలంలో కాలు పెట్టకుండా మిషన్లని పొగిడేవాళ్ళు ఇంకా బోలెడుమంది ఉన్నారు. వాళ్ళని ఇప్పటికీ అంటాను. రత్నం, నువ్వు వాళ్ళలోవాడివి కాదని తెలుసుకోకుండా రెండేళ్ళు కూర్చున్నాను.

తమ్ముడూ, అందరి ముందూ అన్నాను, అందరి ముందే చెప్తున్నా. టోపీ గురించి అన్న మాట వెనక్కి తీసుకోను. తలకాయ గురించి అన్నది తీసుకుంటున్నా.

ఇంక నెమ్మదిగా పడుకో నాయనా. ప్రభువు నీకు తలుపు తీసే ఉంచుతాడు.

సువార్తమ్మ వేలిముద్ర. కాగితం మీద వేశాను, జ్యోతి ఫోటో పెట్టింది.
సాక్షులు: కోటమ్మ, జ్యోతి.