బొట్టు పెట్టి పిలిచిన ఎపిసోడ్

జెర్సీ సిటీలో మేం తెలుగు పాడ్‌కాస్ట్ మొదలుపెట్టిన ఏడాది, అంటే రెండువేల పదమూడులో, మాకు శ్రోతలు పంతొమ్మిది మంది. ఆ పంతొమ్మిదిలో ఒకటి నా ఫోను, ఇంకొకటి నా ఆఫీసు కంప్యూటరు. ఈ సంగతి నా రూమ్మేటుకి చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రోజే దుకాణం కట్టేసేది.

మా పని పంపకం తేలిక. మాట్లాడేది నేను, మిగతాదంతా తను. ఎమ్మెస్ రోజుల నుంచీ ఒకే అపార్ట్‌మెంటులో ఉన్నాం. నాది తెనాలి, తనది వరంగల్ దగ్గర. నేను నోరు తెరిస్తే మూయను, తను తెరవనే తెరవదు. బట్టల క్లోజెట్‌లో చలికోట్ల మధ్య మైకు బిగించి, దానికి స్టూడియో అని పేరు పెట్టింది తనే. కోట్లు చప్పుడును పీల్చేస్తాయట. ఒక మైకు, ఒక గెస్టు, ఫ్యాన్ కూడా ఆపేయాలి. అదీ తన చట్టం.

ఎనిమిదో ఎపిసోడ్ పెట్టిన ఆదివారం తను ల్యాప్‌టాప్ టపీమని మూసింది.

"పదో ఎపిసోడ్ పెట్టినంక ఒక వారం చూస్తనే. వంద మంది విన్నరా, సరే. లేకుంటే నేను బంద్. వారమంతా ఆఫీసుల కోడ్ రాసుడు, ఆదివారం నీ దగ్గులు కట్ చేసుడు. ఇగ నాతోని కాదు."

నా ప్రాణం ఉసూరుమంది. ఎడిటింగ్ నాకు రాదు, అది చిన్న దిగులు. ఉద్యోగాలొచ్చాక ఒకే ఇంట్లో ఉంటూ కూడా మేం సరిగా మాట్లాడుకోవడం మానేశాం. నేను ట్రైను కోసం పరిగెత్తే వేళకి తను నిద్ర లేవదు, తను ఇంటికొచ్చే వేళకి నేను ఇండియా టీముతో కాల్‌లో ఉంటాను. కడుపుబ్బ నవ్వుకునేది ఆదివారం ఆ క్లోజెట్‌లోనే. అది కూడా పోతే ఇక మేం ఒకే ఫ్రిజ్ వాడుకునే ఇద్దరు మనుషులం. నాకు అది అక్కర్లేదు. ఛస్తే ఒప్పుకోను.

అంతే, గెస్టుల వేటలో పడ్డాను. తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లలో ప్లేటు పట్టుకుని మనిషి తర్వాత మనిషిని అడిగాను. ఒకబ్బాయి "నా హెచ్1 వీసా ప్రాసెసింగ్‌లో ఉందండీ, ఇప్పుడేం మాట్లాడకూడదు" అన్నాడు. నాయనా, వంకాయ కూర గురించి మాట్లాడమంటున్నాను అన్నా వినలేదు. చివరికి ఒక అంకుల్ ఒప్పుకున్నారు. ఇంటి లోను రీఫైనాన్స్ గురించి గంటన్నర చెప్పారు. తొమ్మిదో ఎపిసోడ్‌కి శ్రోతలు పదిహేడుకి పడిపోయారు, నా రెండూ కలుపుకుని!

అప్పుడు లిఫ్ట్‌లో దొరికింది మా టవర్ తొమ్మిదో అంతస్తు ఆంటీ. ఏదో మాట మీద తన డ్రైవింగ్ టెస్ట్ కథ ఎత్తుకుంది. ఐదుసార్లు ఫెయిలైన మనిషి. నవ్వి నవ్వి మా అంతస్తు దాటిపోయి పైదాకా వెళ్ళి మళ్ళీ కిందికొచ్చాను. ఈవిడే నా పదో ఎపిసోడ్ అనుకుని, ఆ రోజే చక్కటి ఈమెయిల్ రాసి, క్యాలెండర్ ఇన్విటేషన్ కూడా జోడించి పంపాను.

జవాబు లేదు. నాలుగో రోజు మళ్ళీ లిఫ్ట్‌లో కనబడితే ఆంటీ నా వైపు చూడకుండా బటన్లు చూస్తూ నిలబడింది.

"ఆంటీ, శనివారం వస్తున్నారుగా?"

"నన్నెవరు పిలిచారమ్మా?"

"అయ్యో, ఈమెయిల్ పంపానండీ."

"ఈమెయిల్ కరెంటు బిల్లు వాళ్ళూ పంపుతారు. పిలవడమంటే ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవడం. మీ అమ్మ నేర్పలేదూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. మా అమ్మ నేర్పడమేమిటి, సూట్‌కేసులో కుంకుమ భరిణె కూడా పెట్టి పంపింది. శుక్రవారం సాయంత్రం రూమ్మేటుని బలవంతాన లాక్కుని తొమ్మిదో అంతస్తుకి వెళ్ళాను. తలుపు తీస్తే లోపల పారాయణం అప్పుడే అయింది. ఆంటీతో కలిపి ఆరుగురు ఆడవాళ్ళు వరసగా చాప మీద కూర్చుని ప్రసాదం తింటున్నారు.

ఆంటీకి బొట్టు పెట్టి, "రేపు పదింటికి మా ఇంటికి రావాలండీ" అన్నాను. ఆంటీ మొహం వెలిగిపోయింది. పక్కావిడ నా చేతిలో భరిణె వైపు చూసింది. ఆ పక్కావిడ కూడా చూసింది. ఇక ఏం చెయ్యను? భరిణె తెరిచాక ఒక నుదురుకి పెట్టి మిగతా అయిదు నుదుళ్ళనీ దాటేసి వచ్చేస్తే ఏమన్నా ఉందా! వరసగా పెట్టుకుంటూ పోయాను. పెట్టినచోటల్లా "తప్పకుండా వస్తాం తల్లీ" అనే జవాబు.

బయటికి రాగానే రూమ్మేటు నా చెయ్యి గిల్లింది. "మైకు ఒక్కటే ఉన్నదే మనకు! ఆరుగురిని ఏడ కూసోవెడతవ్, కోట్లల్లనా?"

"మరి ఒకళ్ళకి పెట్టి ఇంకొకళ్ళకి మానేస్తే బావుంటుందా?"

"బాగుండదనుకో," అని ఒప్పుకుంది.

శనివారం పదింటికి ఆరుగురూ పట్టుచీరల్లో దిగారు. చేతుల్లో డబ్బాలు, వెనకాల కారు నడిపిన ఇద్దరు అంకుళ్ళు. ఒకావిడ క్లోజెట్‌లోకి తొంగి చూసి "కోట్లు భలే సర్దుకున్నారే" అని మెచ్చుకుంది. రూమ్మేటు పళ్ళు కొరుకుతూ మైకు పీకి తెచ్చి, హాల్లో టీపాయ్ మీద రైస్ కుక్కర్ బోర్లించి దాని మీద నిలబెట్టింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మూలన కూర్చుని, ఇదే ఆఖరిది అన్నట్టు నాకు వేలు చూపించింది.

నేను ఒక్క ప్రశ్న అడిగాను. అంతే, ఆ తర్వాత నాకు సందు దొరికితే ఒట్టు. తొమ్మిదో అంతస్తు ఆంటీ మొదటి టెస్టుకి కారు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టిందట. కారు కదలగానే ఫటఫటమని చప్పుడు. టెస్టు పెట్టే ఆఫీసరు ఏం పేలిందోనని డోరు తీసుకుని ఒక్క దూకు దూకాడట. ఇంకొకావిడ "నీది నయం వదినా" అని అందుకుంది.

"నేను వాడికి జంతికలు పెట్టాను. వద్దన్నాడు. మనవాళ్ళు రెండుసార్లు వద్దంటారుగా, మొహమాటపడుతున్నాడని మూడోసారి కూడా ఒళ్ళో పెట్టాను. టెస్ట్ మొదలవకముందే ఫెయిల్ చేశాడు!"

అంకుళ్ళు పడీపడీ నవ్వుతున్నారు. కుక్కర్ మీద మైకు అదిరిపోతోంది. నాకు నవ్వుతో కళ్ళనీళ్ళు. ఇంతలో జంతికల ఆంటీ మూల వైపు తిరిగింది.

"నువ్వేంటమ్మా, మూగనోము పట్టావా? నీ సంగతి చెప్పు."

రూమ్మేటు హెడ్‌ఫోన్స్ మెడ మీదికి జార్చుకుంది. తను జన్మలో మైకు ముందు మాట్లాడదు కాబట్టి ఆదుకుందామని నేను నోరు తెరిచాను. తను నాకంటే ముందే అందుకుంది.

"నేను మూడుసార్లు ఫెయిలైన, ఆంటీ. మూడుసార్లూ దీనికి లైబ్రరీకి పోతున్న అని చెప్పిన. ఇది మొదటిసారికే పాసయింది కదా, నాకు సిగ్గయింది."

నేను నోరు వెళ్ళబెట్టాను. ఏడేళ్ళుగా ఒకే గదిలో ఉన్న మనిషి! ఆ రోజుల్లో, ఎంత చదువుతావే తల్లీ అని టీ కూడా కాచి పెట్టాను. ఆంటీలు ఒక్కసారి గొల్లున నవ్వారు. జంతికల ఆంటీ లేచి వెళ్ళి రూమ్మేటు బుగ్గ పుణికింది. తను సిగ్గుపడుతూనే ఇంకో అరగంట మాట్లాడింది, నన్ను కూడా మించిపోయింది. నాకు సంతోషమూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

ఆదివారం ఎపిసోడ్ పెట్టాం. ఒక్క దగ్గు కూడా కట్ చెయ్యలేదు తను. ఆరుగురు ఆంటీలూ డాలస్ వదినలకీ, గుంటూరు అక్కలకీ, కాలేజీల్లో ఉన్న తమ పిల్లలకీ ఫోన్లు చేసి, విన్నారా లేదా అని ఆరా తీశారు. మంగళవారానికి నలభై, గురువారానికి డెబ్భై. నేను ఆఫీసులో పని మానేసి లెక్క చూసుకుంటూ కూర్చున్నాను. ఈసారి నా ఫోనూ కంప్యూటరూ కలపలేదు. దొంగ లెక్కతో తనని ఆపుకోవడం నాకే రోతగా అనిపించింది.

గడువు ఆదివారం పొద్దున లేచి చూస్తే తొంభై నాలుగు. పేజీ మళ్ళీ తెరిచాను, మళ్ళీ తెరిచాను. తొంభై నాలుగే. ఛీ, నా రెండూ కలిపినా అందేది కాదు. తనకి నేనే చెప్పాలి, ఇంకెవరు చెబుతారు అనుకుని హాల్లోకి వెళ్ళాను.

తను కిటికీ దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది. "పన్నెండో అంతస్తేనా ఆంటీ? ఎప్పుడుంటరు మీరు ఇంట్ల? ఆ, మేమిద్దరం వస్తం. లేదాంటీ, ఈమెయిల్ పంపం, వచ్చే పిలుస్తం."

"ఒసే," అన్నాను. "తొంభై నాలుగే వచ్చాయి."

తను ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి నా వైపు చూసి కసిరింది. "పొద్దుగాలనే చూసిన. నోరు మూస్కోవే, గెస్టుతోని మాట్లాడుతున్న."

నోరు మూసుకున్నాను. నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ నోరు మూసుకోలేదు.